విశ్రాంతిని కూడా కొలిచి ఇవ్వాలి: ఫిన్ స్విమ్మింగ్ స్ప్రింట్లకు ఇంటర్వెల్ శిక్షణ

(శిక్షకులు, క్రీడాకారులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

నేరుగా విషయంలోకి వస్తాను. మనది పాదాలకు రెక్కల్లాంటి ఫిన్లు తొడుక్కుని ఈదే క్రీడ. అందులో స్ప్రింట్, అంటే తక్కువ దూరపు పూర్తి వేగపు ఈత, వేగం పెరగాలని మనందరం ఇంటర్వెల్ సెట్లు, అంటే మధ్యమధ్య విశ్రాంతి ఇస్తూ పదేపదే ఈదించే సాధన, చేయిస్తున్నాం. ఆ సెట్లలో ఈతకు లెక్క ఉంటోంది, విశ్రాంతికి లెక్క ఉండటం లేదు. ఇరవై సెకన్ల విశ్రాంతితో పదహారు సార్లు యాభై మీటర్లు చేయిస్తాం. చివరికి పిల్లలు గట్టు పట్టుకుని రొప్పుతూ ఉంటే ఈరోజు స్ప్రింట్ సాధన గట్టిగా జరిగిందని తృప్తి పడతాం. ఆ సెట్ వల్ల గుండెకు, ఊపిరితిత్తులకు మేలు జరుగుతుంది. ఓర్పు పెరుగుతుంది. వేగం మాత్రం పెరగదు. ఎందుకు పెరగదో, పెరగాలంటే ఏం చేయాలో చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

తల్లిదండ్రులు కూడా ఉన్నారు కాబట్టి క్రీడ గురించి రెండు మాటలు. ఫిన్ స్విమ్మింగ్‌ను ప్రపంచ స్థాయిలో నడిపే సంస్థ సీఎంఏఎస్, అంటే ప్రపంచ నీటి అడుగు క్రీడల సమాఖ్య. 1959లో ఏర్పడింది. సముద్ర అన్వేషకుడు జాక్ కూస్తో దాని తొలి అధ్యక్షుడు. 1981లో అమెరికాలోని శాంటా క్లారాలో జరిగిన మొదటి వరల్డ్ గేమ్స్‌లోనే (ఒలింపిక్స్‌లో లేని క్రీడల అంతర్జాతీయ పోటీలు) ఈ పోటీలు ఉన్నాయి. స్ప్రింట్ అంటే మనకు ప్రధానంగా ఇవి: మోనోఫిన్ (రెండు పాదాలూ కలిపి తొడిగే ఒకే వెడల్పాటి రేకు), స్నార్కెల్‌ (ఊపిరి తీసుకునే గొట్టం)తో నీటి ఉపరితలం మీద ఈదే 50, 100 మీటర్లు, ఊపిరి బిగబట్టి, ముఖం నీళ్లలోంచి తీయకుండా ఈదే 50 మీటర్ల అప్నియా, చిన్న గాలి సిలిండర్‌ను ముందుకు చాచిన చేతుల్లో పట్టుకుని నీటి అడుగున ఈదే 100 మీటర్ల ఇమ్మర్షన్, రెండు కాళ్లకు విడివిడి ఫిన్లతో ఈదే బైఫిన్స్ 50, 100.

వేగం ఎంతో ఊహకు అందాలంటే ఒక పోలిక చూడండి. మామూలు ఈతలో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 2009లో బ్రెజిల్ ఈతగాడు సెజర్ సియెలో 20.91 సెకన్లలో ముగించాడు. సగటున సెకనుకు 2.4 మీటర్లు. మోనోఫిన్‌తో అగ్రశ్రేణి పురుషులు అదే దూరాన్ని అప్నియాలో 14 సెకన్ల చుట్టుపక్కల పూర్తి చేస్తున్నారు. అంటే సెకనుకు మూడున్నర మీటర్లు. ఆ వేగంలో నీరు ఎలా అడ్డుపడుతుందో ముందు అర్థం చేసుకుంటే శిక్షణలో మిగతావన్నీ సులభంగా తేలిపోతాయి.

నీటి నిరోధం దాదాపుగా వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ నిరోధాన్ని నెట్టుకుంటూ పోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పిల్లలు బడిలో వేసే లెక్కే ఇది. వేగం పది శాతం పెరగాలంటే 1.1 ఘనం, అంటే 1.33. మూడో వంతు శక్తి అదనంగా కావాలి. దీన్నే తిరగేసి చూడండి. తన పూర్తి వేగంలో 90 శాతంతో ఈదుతున్న పిల్లవాడి కండరాలు ఇస్తున్న శక్తి 0.9 ఘనం, అంటే 73 శాతమే. పైకి చూస్తే కాస్త తగ్గినట్టే కనిపిస్తుంది, గట్టు మీద ఉన్న మనకు అది వేగంగానే అనిపిస్తుంది. లోపల మాత్రం పావు వంతుకు పైగా పని తగ్గిపోయింది. ఇరవై సెకన్ల విశ్రాంతితో చేసే పదహారు యాభైలలో మూడోదో నాలుగోదో మొదలయ్యేసరికే పిల్లవాడు ఆ స్థితికి వచ్చేస్తాడు. మిగిలిన పన్నెండూ స్ప్రింట్ పేరుతో చేస్తున్న మధ్యస్థ ఈత.

మోనోఫిన్ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. ఫైబర్ గ్లాసుతోనో కార్బన్‌తోనో చేసిన ఆ రేకు మన బలానికి తగ్గట్టు వంగుతుంది. పూర్తి బలంతో కొట్టినప్పుడు అది వంగే తీరు, తిరిగి సాగేటప్పుడు నీటిని వెనక్కి విసిరే క్షణం ఒక రకంగా ఉంటాయి. నెమ్మదిగా కొట్టినప్పుడు వేరే రకంగా ఉంటాయి. నడుము ఎప్పుడు కదలాలి, మోకాలు ఎంత మడవాలి, చీలమండ ఎప్పుడు బిగించాలి అన్నవన్నీ ఆ క్షణాన్ని బట్టే శరీరానికి అలవడతాయి. అలసిన ఈతతో ఆ క్షణం ఎన్నటికీ పట్టుబడదు. కాళ్లు కిందికి కొట్టడం అందరికీ వస్తుంది, పైకి లాగడంలోనే తేడా తెలుస్తుంది. అలసట రాగానే మొదట చచ్చిపోయేది పైకి లాగే ఆ కిక్కే.

ఇప్పుడు కండరంలోకి వెళ్దాం. పూర్తి బలంతో కదిలే మొదటి కొన్ని సెకన్లకు శక్తినిచ్చే ప్రధాన వనరు ఫాస్ఫోక్రియేటిన్. కండరంలో దాని నిల్వ తక్కువ. ఎడాపెడా ఖర్చు చేస్తే పది సెకన్లలో చాలావరకు అయిపోతుంది. దానితోపాటే గ్లూకోజును ఆక్సిజన్ లేకుండా విడగొట్టే ప్రక్రియ కూడా మొదలై, దూరం పెరిగేకొద్దీ అదే పెద్ద భారం మోస్తుంది. 14, 15 సెకన్ల యాభైకి ఈ రెండే ప్రధాన ఆధారం. 35, 40 సెకన్ల వందకు వచ్చేసరికి ఆక్సిజన్‌తో తయారయ్యే శక్తికి కూడా చెప్పుకోదగ్గ వాటా వస్తుంది. అందుకే యాభై ఈదేవారికీ వంద ఈదేవారికీ ఒకే సెట్ ఇవ్వకూడదు.

ఖాళీ అయిన ఫాస్ఫోక్రియేటిన్ ఎంతసేపటికి తిరిగి నిండుతుంది? సగం త్వరగానే, అర నిమిషం నుంచి నిమిషంలోపు నిండుతుంది. మిగతా సగం నెమ్మదిగా వస్తుంది. దాదాపు పూర్తిగా నిండటానికి మూడు నుంచి అయిదు నిమిషాలు పడుతుంది. ఇందులో మనల్ని మోసం చేసేది నాడి. 1930లలో జర్మనీలో వోల్డెమార్ గెర్ష్లర్ అనే శిక్షకుడు, హెర్బర్ట్ రైండెల్ అనే వైద్యుడు కలిసి ఇంటర్వెల్ శిక్షణకు శాస్త్రీయ రూపం ఇచ్చారు. పరుగుతో నాడిని నిమిషానికి 180 దాకా తేవడం, అది 120కి దిగగానే మళ్లీ పరుగెత్తించడం వాళ్ల పద్ధతి. గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. గొప్ప పద్ధతి, సందేహం లేదు. కానీ అది గుండెను పెంచడానికి పుట్టిన పద్ధతి. పదిహేను మీటర్ల స్ప్రింట్ తరవాత నాడి నిమిషం, నిమిషంన్నరలోనే దిగిపోతుంది. పిల్లవాడు కూడా ఆయాసం తగ్గింది, నేను సిద్ధం అంటాడు. కండరం అప్పటికి సిద్ధంగా ఉండదు. మన సాధనలో విశ్రాంతిని నాడితో కొలవకండి, గడియారంతో కొలవండి.

ఇక ఈ మధ్య అందరి నోటా వినిపించే టబాటా పద్ధతి. ఇరవై సెకన్లు పని, పది సెకన్లు విశ్రాంతి, ఇలా ఏడెనిమిది సార్లు. 1996లో ఇజుమి టబాటా బృందం ప్రచురించిన పరిశోధన అది. సైకిల్ మీద ఆరు వారాలు చేయించి చూస్తే ఆక్సిజన్ వినియోగ సామర్థ్యం, ఆక్సిజన్ లేకుండా శక్తినిచ్చే సామర్థ్యం రెండూ పెరిగాయి. ఆ ఫలితాన్ని నేను గౌరవిస్తాను. అయితే అక్కడ కొలిచింది సామర్థ్యాన్ని, గరిష్ఠ వేగాన్ని కాదు. యాభై మీటర్ల వేగం కోసం దాన్ని మోనోఫిన్‌కు తగిలించడం నాకు సమ్మతం కాదు. పది సెకన్లలో ఏ కండరమూ తేరుకోదు. పైగా మోనోఫిన్‌తో అలసిపోయి కొట్టే ప్రతి కిక్కూ నడుము మీద పడే భారమే.

సరే, మరి ఏం చేయించాలి? ఒక సెట్‌ను దగ్గరగా చూపిస్తాను.

గోడను తన్ని బయలుదేరి పదిహేను మీటర్లు, నీటి అడుగున, పూర్తి బలంతో. ఒక్కో విడతకూ మూడు నిమిషాల విశ్రాంతి. నాలుగు విడతలు అయ్యాక ఎనిమిది నిమిషాలు తేలిగ్గా, ఫిన్ లేకుండా ఈత. మళ్లీ నాలుగు విడతలు. అంతే. మొత్తం లెక్కేస్తే 120 మీటర్లు. దీనికి ముందు అరగంట వార్మప్ ఉంటుంది, అందులో వేగం క్రమంగా పెంచుతూ రెండు మూడు చిన్న ఈతలు ఉండాలి. కొత్త శిక్షకులు ఈ సెట్ చూసి గంట సమయంలో 120 మీటర్లేనా అని బాధపడతారు. ఆ 120 మీటర్లలో ప్రతి మీటరూ పూర్తి వేగంతో వచ్చిందా లేదా అన్నది చూడండి. వచ్చి ఉంటే అది ఆ వారంలో చేసిన అత్యంత విలువైన పని.

ఒక అమ్మాయి మొదటి విడతను 5.20 సెకన్లలో, తొమ్మిది కిక్కులతో చేసిందనుకుందాం. రెండోది 5.18, తొమ్మిది. మూడోది 5.19, తొమ్మిది. నాలుగోది 5.21, పది కిక్కులు. సమయం చూస్తే ఏమీ మారలేదు. కానీ అదే దూరానికి ఒక కిక్కు ఎక్కువ పట్టింది. అంటే ఒక్కో కిక్కుకు సాగే దూరం తగ్గింది, ఆ లోటును తొందరతో పూడుస్తోంది. అలసటకు మొదటి గుర్తు ఇదే. సమయం పడిపోవడానికి ముందే కిక్కుల లెక్క చెబుతుంది. అప్పుడు విశ్రాంతిని నాలుగు నిమిషాలకు పెంచండి. తరవాతి విడతలో మళ్లీ తొమ్మిదికి వస్తే కొనసాగించండి. రాకపోయినా, సమయం తన మంచి సమయం కంటే మూడు శాతం పడిపోయినా, అంటే ఇక్కడ 5.33 దాటినా, సెట్ అక్కడితో ఆపేయండి. కాగితం మీద ఎనిమిది అని రాసుకున్నాం కాబట్టి ఎనిమిదీ చేయాల్సిందే అనే పట్టుదల ఇక్కడ పనికిరాదు. ఆరింటితో ఆపినందుకు ఆ అమ్మాయి నష్టపోయేది ఏమీ లేదు.

ఇక్కడ స్టాప్‌వాచ్ గురించి ఒక మాట. చేత్తో నొక్కే గడియారంలో ఒకటి రెండు పదో వంతుల తేడా సహజం. మనం వెతుకుతున్న మూడు శాతం కూడా సరిగ్గా అంతే. కాబట్టి చేతి గడియారంతో ఈ నిర్ణయం తీసుకోలేం. ఫోనులో సెకనుకు 60 ఫ్రేములు తీసే వీడియో చాలు. ఒక్కో ఫ్రేము సెకనులో అరవయ్యో వంతు. గోడను వదిలిన ఫ్రేము నుంచి తల పదిహేను మీటర్ల గీత దాటిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. కిక్కులు కూడా అందులోనే కనిపిస్తాయి. మూడు నిమిషాల విశ్రాంతిలో ఈ పనికి కావలసినంత సమయం దొరుకుతుంది.

ఆ మూడు నిమిషాలు ఈతగాళ్లు ఏం చేయాలన్నది కూడా ముఖ్యమే. ఫిన్‌లో పాదం పట్టే అరలు బిగుతుగా ఉంటాయి. బిగుతుగా ఉంటేనే బలం రేకుకు అందుతుంది. కానీ విశ్రాంతి మొత్తం పాదాలు అందులోనే ఉంటే తిమ్మిరి ఎక్కుతుంది, అరికాళ్లు పట్టేస్తాయి. సెట్ల మధ్య తప్పనిసరిగా ఫిన్ తీయించండి. విడతల మధ్య కనీసం మడమ బయటికి లాగి వేళ్లు కదిలించమనండి. సబ్బు నీళ్లు రాసుకుంటే తీయడం, తొడగడం తేలిక.

స్నార్కెల్ కూడా నోట్లోంచి తీసేయాలి. నిబంధనల ప్రకారం గొట్టం పొడవు 43 నుంచి 48 సెంటీమీటర్లు, లోపలి వ్యాసం 15 నుంచి 23 మిల్లీమీటర్లు. 45 సెంటీమీటర్ల పొడవు, 20 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో పట్టే గాలి 140 మిల్లీలీటర్లు. ప్రతి శ్వాసలోనూ మనం వదిలిన ఆ 140 మిల్లీలీటర్లే ముందు తిరిగి లోపలికి వస్తాయి. మన శ్వాసనాళాల్లో మామూలుగా పనికిరాకుండా నిలిచే గాలి పెద్దవారిలో సుమారు 150 మిల్లీలీటర్లు. అంటే గొట్టం దాన్ని దాదాపు రెట్టింపు చేస్తోంది. పోటీలో తప్పదు. విశ్రాంతిలో ఎందుకు?

ఇప్పుడు చెప్పబోయేది ఈరోజు నా మాటల్లో అన్నిటికంటే ముఖ్యమైనది. దయచేసి శ్రద్ధగా వినండి.

అప్నియా విడతల్లో పిల్లలు స్పృహ తప్పే ప్రమాదం ఉంది. ఊపిరి తీసుకోవాలన్న తపన మనకు ప్రధానంగా ఆక్సిజన్ తగ్గడం వల్ల రాదు, కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల వస్తుంది. బయలుదేరే ముందు గబగబా పది ఇరవై సార్లు గాలి పీల్చి వదిలితే కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. ఆక్సిజన్ నిల్వ మాత్రం పెద్దగా పెరగదు. ఈదుతున్నంతసేపూ హాయిగా ఉంటుంది, తపన రాదు. ఈలోగా పూర్తి బలంతో పనిచేస్తున్న కండరాలు ఆక్సిజన్‌ను తోడేస్తాయి. ముందస్తు హెచ్చరిక ఏదీ లేకుండా స్పృహ పోతుంది. అందుకని గబగబా ఊపిరి పీల్చే అలవాటును మొదటి రోజే మాన్పించండి. మామూలు శ్వాస, చివర ఒక నిండు శ్వాస, బయలుదేరడం. అంతకు మించి ఏమీ వద్దు.

విశ్రాంతి తగ్గించి అప్నియా విడతలు చేయించడాన్ని కొందరు ధైర్యం పెంచే సాధనగా చెబుతారు. నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఒక యాభై అప్నియా తరవాత అయిదారు నిమిషాలు ఇవ్వండి. ఊపిరి బిగబట్టి ఈదే ప్రతి ఒక్కరికీ గట్టు మీద ఒకరు కాపలా ఉండాలి. ఆ కాపలా మనిషికి వేరే పని ఉండకూడదు. తల పైకి వచ్చిన తరవాత కూడా అర నిమిషం పాటు ముఖం మీంచి చూపు తిప్పకూడదు, ఎందుకంటే పైకి వచ్చి రెండు శ్వాసలు తీశాక కూడా స్పృహ తప్పవచ్చు. పెదవులు నీలంగా మారినా, తల ఊగినా, చూపు నిలవకపోయినా వెంటనే పట్టుకుని ముఖం నీటికి పైన ఉంచాలి. శ్వాస లేకపోతే మొదట శ్వాస అందించాలి. ఈ పని తెలిసిన మనిషి పూల్ దగ్గర లేని రోజున అప్నియా సెట్ రద్దు చేయండి. పోటీ రేపే ఉన్నా సరే. పిల్లలు ఒంటరిగా వెళ్లి ఊపిరి సాధన చేయకుండా చూసే బాధ్యత తల్లిదండ్రులది.

ఇక వంద మీటర్ల వారి సంగతి. వీరికి పదిహేను మీటర్ల సెట్ అవసరమే, దానితోపాటు పట్టిన వేగాన్ని నిలుపుకునే సాధన కూడా కావాలి. నేను ఇష్టపడేది విరిచిన వంద. ముందు యాభై, పది సెకన్ల విశ్రాంతి, ఇరవై అయిదు, మళ్లీ పది సెకన్లు, చివరి ఇరవై అయిదు. మధ్య విరామాలు తీసేస్తే మొత్తం సమయం పోటీ సమయం కంటే మెరుగ్గా రావాలి. ఇలాంటివి మూడే చేయించి, మధ్యలో పది నిమిషాలు ఇవ్వండి. ఇక్కడ పిల్లలు కాళ్లు మండిపోతున్నాయి అంటారు, నిజంగానే మండుతాయి. ఈ సెట్ వారానికి ఒకసారి చాలు, అదీ పోటీకి ముందు ఆరు వారాల్లోనే. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు దీన్ని ఇవ్వను. ఆ వయసుకు చిన్న దూరాలు, శుభ్రమైన కిక్కు, నిండు విశ్రాంతి సరిపోతాయి.

ఒక తేడా గమనించండి. పదిహేను మీటర్ల సెట్‌లో విడతల మధ్య ఈదించవద్దు, నిలబడనివ్వండి, తేలనివ్వండి. విరిచిన వంద ముగిశాక మాత్రం పది పదిహేను నిమిషాలు తేలిగ్గా ఈదించండి. ఆక్సిజన్ లేకుండా గ్లూకోజు విడిపోయినప్పుడు తయారై రక్తంలో చేరిన లాక్టేట్ అనే పదార్థం కదలికతో త్వరగా తగ్గుతుంది.

ఉపరితల ఈతలో బయలుదేరినప్పుడూ ప్రతి టర్న్ (గోడ దగ్గర వెనక్కి తిరగడం) తరవాతా పదిహేను మీటర్ల వరకే నీటి అడుగున ఉండవచ్చు. లోతులో అలల నిరోధం ఉండదు కాబట్టి ఆ పదిహేనూ పూర్తిగా వాడుకోవాలి. వంద ఈదేవారు టర్న్‌కు ముందు అయిదు మీటర్లు, తరవాత పదిహేను మీటర్లు కలిపి విడిగా ఒక ఇంటర్వెల్‌గా చేయడం చాలా లాభం. బైఫిన్స్ వారికి సూత్రాలు ఇవే. చేతులు కూడా పనిచేస్తాయి కాబట్టి కిక్కులతోపాటు చేతి వరసలు కూడా లెక్కపెట్టండి.

వారంలో పూర్తి వేగపు రోజులు రెండు, మహా అయితే మూడు. మధ్య 48 గంటల ఎడం ఉండేలా చూడండి. ముందు రోజు బరువులతో కాళ్ల వ్యాయామం చేయించి మరుసటి రోజు వేగం అడగకండి.

వెనక వరుసలో చెయ్యి ఎత్తిన మేడమ్, అడగండి.

[సభలోని ఒక శిక్షకురాలు: మా దగ్గర ఒక లేన్‌లో పన్నెండు మంది ఉంటారు. ఒక్కొక్కరికీ మూడు నిమిషాల విశ్రాంతి ఇస్తే గంటలో సెట్ పూర్తి కాదు కదా?]

పూర్తవుతుంది. పదిహేను సెకన్ల ఎడంతో ఒకరి తరవాత ఒకరిని వదలండి. పన్నెండో వారు వెళ్లిన పదిహేను సెకన్లకు మూడు నిమిషాలు అవుతాయి, మొదటివారి వంతు మళ్లీ వస్తుంది. ఈదినవారు లేన్ పక్కగా తేలిగ్గా వెనక్కి రావాలి, లేదా గట్టెక్కి నడిచి రావాలి. ఊపిరి బిగబట్టే విడతలైతే ఈ పద్ధతి వద్దు, కాపలా మనిషి ఒకేసారి ఒకరినే చూడగలరు. అప్పుడు పన్నెండు మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టు గట్టు మీద వ్యాయామం చేస్తుండగా ఇంకొక జట్టు ఈదాలి.

[ఇంకొక శిక్షకుడు: పోటీ చివరి వారంలో ఏం చేయించాలి?]

చివరి రెండు వారాల్లో మొత్తం ఈత దూరాన్ని సగానికి తెచ్చేయండి. వేగాన్ని మాత్రం తగ్గించకండి. పోటీకి మూడు రోజుల ముందు ఆఖరి వేగపు సెట్: పదిహేను మీటర్లు నాలుగు విడతలు, నాలుగేసి నిమిషాల విశ్రాంతితో, పోటీలో వాడే ఫిన్‌తోనే. ఆ నాలుగూ బాగా వస్తే పిల్లలకు హుషారు వస్తుంది, అయిదోది చేస్తామని అడుగుతారు. ఇవ్వకండి. ఫిన్ తీయించి, పది నిమిషాలు తేలిగ్గా ఈదించి ఇంటికి పంపేయండి.